మూడు తెరల సముద్రం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది జూన్‌లో, సింగపూర్ చోవా చూ కాంగ్‌లోని ఒక నాటక సామగ్రి వర్క్‌షాప్‌లో చేరాను. స్టేజీ వెనక వేలాడే పరదాలకు రంగులు వేసే పని. మూడు నెలలు ట్రయల్. మోచేతి నొప్పితో పోయిన నెలే మానేశాను కానీ, మొదటి నాటకం గురించి ఎవరడిగినా ఆగకుండా చెప్తాను.

నూట యాభై ఏళ్ళ కిందటి పద్ధతిలో వెయ్యాలన్నారు. ఎల్ఈడీ స్క్రీన్ లేదు. అడవైనా ఆకాశమైనా గుడ్డ, చెక్క, రంగు, అంతే. మా హెడ్ మారన్న అంకుల్ మలేషియాలో పుట్టిన తెలుగాయన. ఇది సరిగ్గా వస్తేనే ఉద్యోగం ఖాయమని ముందే చెప్పేశారు. పడవ సీనుకి ఆయనిచ్చిన ఆర్డరు ఇంతే: "నీలం తెరలు మూడు. ఒకదానెనక ఒకటి."

వారం కష్టపడి మూడు తెరలు కుట్టి, నురగ కూడా సన్నగా దిద్ది, ప్రదర్శనకు ముందు రోజు పొద్దున్నే వేలాడదీశాను. అంకుల్ చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"ఏంటమ్మా, సముద్రాన్ని ఉతికి ఆరేసినావా?"

"మీరే కదంకుల్ తెరలన్నారు!"

"తెరలంటే కెరటాలు పిల్లా! మా ఇంట్లో అట్లే అంటాం. చెక్కలో కోసి, అటూ ఇటూ జరిపేవి."

పుస్తకాల్లో ఆ అర్థం ఉందట. పదో తరగతితో ఆపేసినదాన్ని, నాకేం తెలుసు? చెక్క కోయడానికి టైం లేదు. ఏడుపొచ్చేసింది. దింపేద్దామని ఒక తెర లాగితే, అది పడుతూ పడుతూ గాలికి పొంగింది. వెంటనే రెండో కొస పట్టుకోమని అంకుల్‌ని కేకేశాను. ఖాళీగా ఉన్న నటులు మిగతా రెండూ పట్టారు. స్టేజీకి అడ్డంగా, మోకాలెత్తున చాపి ఊపాం.

"మెల్లిగా! అది దుప్పటి కాదు, నీళ్ళు," అన్నారు అంకుల్.

మర్నాడు ఆ కెరటాల మధ్య పడవ వెళ్తుంటే, ముందు వరుసలో ఒక ఆంటీ పట్టుచీర కుచ్చిళ్ళు పైకెత్తుకుంది.

"మమ్మీ, ఓన్లీ క్లాత్ లా!" అంది పక్కనున్న కూతురు, సింగపూర్ ఇంగ్లీషు యాసలో.

"తెలుసులేవే," అంది ఆంటీ. కుచ్చిళ్ళు మాత్రం వదల్లేదు.

సైడు వింగులో నాకు నవ్వాగక గుడ్డ ఇంకా ఊగింది. తుఫాను బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

నాటకం అయ్యాక అంకుల్ నా ఉద్యోగం ఖాయం చేశారు. వారం దిద్దిన నురగ ఎవరికీ కనపడలేదు. సముద్రమని నమ్మించింది కదలికే. అప్పట్నుంచి ఏ పని ఇచ్చినా, కొలతలతో పాటు ఇంకో మాట అడిగి రాసుకునేదాన్ని: ఇది నిలబడాలా, కదలాలా?