తెల్ల పంచె

తిరువొత్తియూరులో ఆండాళమ్మకు రోజు ఉమ్మడంతోనే మొదలవుతుంది. మిద్దె మీదికి బకెట్టు మోసుకొచ్చి, ఎదురుగా పొగ కక్కే ఫ్యాక్టరీ గొట్టాన్ని చూసి, థూ అని పిట్టగోడ అవతలికి ఉమ్మి, అప్పుడు మొగుడి తెల్ల పంచెకు సబ్బు రుద్దుతుంది. నీలిమందు పెట్టి ఆరేస్తే, ఆరేలోపు దాని నిండా మసి చుక్కలు. ముక్కు చిట్లించుకుని మళ్ళీ బండకేసి బాదుతుంది. పక్కనే మెట్టు మీద కూర్చుని మొగుడు రుక్మాంగదం నాయుడు ఆమెకు పేపరు చదివి వినిపిస్తాడు: బాంబులు, కుంభకోణాలు, కలరా. "ఛీ, పాడు లోకం" అంటూ ఆమె ఇంకో రెండు దెబ్బలు గట్టిగా వేస్తుంది.

మొన్న ఆయన గొంతు తగ్గించి చదివాడు. "ఆడ రెండో గొట్టం గూడా కడతా ఉండారంట. ఇంక చాలించవే. నల్ల లుంగీ తెచ్చుకుంటా, మసి పడినా తెలీదు."

ఆండాళమ్మ బాదడం ఆపింది. గొట్టం మీద వేసే చూపే మొగుడి మీద వేసింది.

"మసి తెలీకుండా బతకాలనా? కట్టినోళ్ళే ఒకనాటికి ఆపేస్తారు. ఆ పొద్దు ఊరంతా తెల్లంగా తిరగతా ఉంటే, మీరు నల్ల లుంగీతో నిలబడతారా? ఆ పంచె కొస పట్టుకోండి!"

నాయుడు పేపరు కింద పెట్టి లేచాడు. ఇద్దరూ చెరోవైపు మెలిపెడితే నల్లటి నీళ్ళు ధారగా ఆ పేపరు మీదే కారాయి.

"చూడండి, పోతా ఉంది" అంది ఆండాళమ్మ.