పన్నెండో కుర్చీ

"నీళ్ళు వెచ్చగా ఉండెనా రోసా?" అని అడిగింది సూసక్క.

"వెచ్చగానే ఉండె అక్కా."

"సరి, అది చాలు. పో, పో. సిలువకు ముద్దు పెట్టేదానికి వరస పెద్దదిగా ఉంటుంది."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. అందులో నేను చెప్పింది ఒకే ఒక్క మాట. అదీ అబద్ధం.

ఇవాళ పొద్దున మా కోడలు నిర్మల బాత్రూం గచ్చు మీద బ్లీచింగు పౌడరు చల్లి కడిగింది. ఆ ఘాటు వంటింటి దాకా వచ్చి ముక్కుకు తగిలేసరికి నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. వేరేవాళ్ళకు అది గచ్చు కడిగిన వాసన. నాకు సూసక్క కొంగు వాసన. పొయ్యి ఆపేసి వచ్చి కూర్చుని, "కాగితం తీసుకో అమ్మా, నేను చెప్తా, నువ్వు రాయి" అన్నాను. నిర్మల చిత్తూరు వైపు పిల్ల. మా రాజపాళయంలో ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ రాయడం ఎవరికీ రాదు, బడిలో నేర్పేది తమిళం కదా. నాకైతే ఆ తమిళమూ రెండో తరగతితో సరి. వచ్చే ఆదివారం మా వీధి ప్రార్థన కూటంలో దీన్ని చదవాలి. సూసక్కను చూడని కోడళ్ళు ఇప్పుడు వీధిలో చాలామంది ఉన్నారు. చూసినవాళ్ళకేమో నేను చేసిన పని తెలియదు.

తళవాయిపురం నుంచి కోడలిగా వచ్చిన మూడో నెలలోనే నేను బ్యాండేజీ గుడ్డ కంపెనీలో చేరాను. ఆసుపత్రులకు పోయే పల్చటి తెల్లగుడ్డ. నన్ను మడత పెట్టే చోట, సూసక్కకు ఎదురుగా నిలబెట్టారు. అప్పటికే ఆమె ఏళ్ళ తరబడి బ్లీచింగు తొట్ల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. చెప్పుల్లేకుండా ఆ మందునీళ్ళలో నిలబడి నిలబడి మడమలు నిలువునా పగిలిపోయాయి. నేను వాటినే చూస్తుంటే, "ఏమే అట్లా చూస్తావు? ఈ పగుళ్ళలో రూపాయి బిళ్ళ పెడితే కింద పడదు, తెలుసా? నాకు పర్సు అక్కర లేదు" అని నవ్వింది.

గుడ్డకు ఆ చివర ఆమె, ఈ చివర నేను. ఎదురెదురుగా నడిచి చేతులు కలిపితే ఒక మడత. పెళ్ళికి ముందు నాకు కోయిలంటే, మేము చర్చిని అనేది అట్లాగే, క్రిస్మస్‌కు కొత్తచీర కట్టుకుని పోయే చోటు, అంతే. పరలోక జపం కూడా సగంలో తప్పేదాన్ని. సూసక్క నన్ను పుస్తకం ముందు కూర్చోబెట్టలేదు. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపసు కాలం మొదలైందంటే చాలు, ఒక్కో మడతకు సిలువ మార్గంలోని పద్నాలుగు స్థలాల్లో, అంటే ఘట్టాల్లో, ఒక్కొక్కటి చెప్పేది. మొదటి మడతకు యేసుకు మరణ శిక్ష. రెండో మడతకు సిలువ భుజం మీదికి ఎత్తుకోవడం. పద్నాలుగో మడతకు సమాధి, ఆపైన మళ్ళీ కొత్త గుడ్డ. సూపర్‌వైజర్ ఒకనాడు వచ్చి, "ఏమక్కా, దినానికి ఎన్నిసార్లు చంపుతారు ఆయన్ని?" అన్నాడు. "నువ్వు గుడ్డ తక్కువగా ఇస్తే మేమూ తక్కువగా చంపుతాము తమ్ముడూ" అంది సూసక్క. షెడ్డంతా నవ్వింది. నేను మాత్రం తొందరపడేదాన్ని. యేసు మూడోసారి కింద పడే మడత దగ్గర నా చేయి పరిగెత్తితే, "నిదానమే. పడినాయన లేచేదానికి కాస్త టైము ఇయ్యి" అనేది. అలా నాకు ఆ పద్నాలుగూ నోటికి కాదు, చేతులకు వచ్చాయి.

మా ఇంటాయన కామెర్లతో పోయినప్పుడు నాకు ముప్పై నిండలేదు. కొడుకు చంకలో ఉన్నాడు. మేము క్రైస్తవులమే, అయినా పాత పట్టింపు ఎక్కడికి పోతుంది? తాళి తీసిన ఆడది శుభకార్యానికి ఎదురు రాకూడదు, పూలు ముట్టకూడదు. ఆ ఏడు పాస్కా పండగ, అదే ఈస్టరు, ఉదయం ఉత్థాన స్వామి స్వరూపం ముందు నడిచే పూలబుట్టను సూసక్క తెచ్చి నా చేతికిచ్చింది. వెనక నుంచి ఒకామె, "పండగ పూట ఆ పిల్ల చేతికా అక్కా?" అంది. సూసక్క గొంతు తగ్గించలేదు. "సమాదిలోనుంచి లేచినాయన మొదట ఎవురికి కనపడినాడు, నువ్వే చెప్పు. పట్టుచీర కట్టుకుని వచ్చినోళ్ళకా? ఏడ్చుకుంటా వచ్చిన ఆడదానికి. ఎత్తవే రోసా బుట్ట." ఎత్తాను. ఆ తర్వాత నేను ఎవరిని చూసీ పక్కకు తప్పుకోలేదు. నా గొంతు ఇంత మోటుగా, ఇంత పెద్దగా ఉందంటే అది ఆ రోజు లేచిన గొంతే. ఆ గొంతును చూసే కొన్నేళ్ళకు నన్ను వీధి ప్రార్థన కూటానికి పెద్దగా పెట్టారు.

ఈస్టరుకు ముందు వచ్చే పెద్ద గురువారం సాయంత్రం పూజలో ఫాదర్ పన్నెండు మందిని కుర్చీల్లో కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతాడు, యేసు తన శిష్యులకు కడిగినట్టు. ఆ నీళ్ళు కాచేదీ, తుండ్లు ఉతికి ఇస్త్రీ పెట్టేదీ ఏళ్ళుగా సూసక్కే. "చల్లనీళ్ళు పడితే ముసలోళ్ళు కాళ్ళు వెనక్కు లాక్కుంటారే. యేసు అట్లా కడిగి ఉండడు" అనేది. కూర్చునే పన్నెండు మందీ మగవాళ్ళే. ఇంట్లోనే సబ్బుతో రుద్దుకుని, గోళ్ళు తీసుకుని, కొందరైతే పౌడరు కూడా వేసుకుని వచ్చేవాళ్ళు. ఒక ఏడు ఒకాయన పాదాల పౌడరు కరిగి తాంబాళంలో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. సూసక్క నా చెవి దగ్గరికి వంగి, "కడిగిన కాళ్ళనే కడుగుతా ఉండారు. కడగాల్సినోళ్ళంతా వెనక నిలబడి చూస్తా ఉండాము" అంది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడొక కొత్త ఫాదర్ వచ్చాడు. ఈసారి ఆడవాళ్ళూ కూర్చోవాలి, వీధికి ఒకరి పేరు ఇవ్వండి అని పూజలో చెప్పాడు. మా వీధిలో ఇంకెవరి పేరు ఉంటుంది? అడిగితే చంటిపిల్ల కూడా సూసక్క అనే చెబుతుంది. కానీ పేరు ఇవ్వాల్సింది నేను. అప్పటికి ఆమె పని మానేసి చాలా ఏళ్ళయింది. షుగరు వచ్చి, ఎడమ పాదం మీద పుండు లేచి, మానడం లేదు. దగ్గరికి పోతే వాసన వచ్చేది.

ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం గంజి తీసుకుని ఆమె ఇంటికి పోయాను. కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కాగితం విప్పని కొత్త బ్లేడు.

"రోసా, మడమలకు కాస్త కొబ్బరినూనె రాసి, గోళ్ళు తీసిపెడతావా? నాకు వంగేదానికి కాదు."

అన్నేళ్ళలో ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఎందుకు అడిగిందో నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఉండిపోయాను. "నూనె పుండులోకి పోతుంది అక్కా, ఇప్పుడు వద్దులే" అన్నాను. "అదీ సరే" అని చీర అంచు కిందికి లాగి పాదాలు కప్పుకుంది.

ఆ వారమే శుక్రవారం ఫాదర్ దగ్గరికి పోయి నేను అన్న మాట ఇది. "సూసక్కకు నడిచేదానికి కాదు సామీ. ఆమె వద్దులెండి." ఆ పొద్దున్నే ఆమె కర్ర పట్టుకుని కోయిలుకు వచ్చి పోయింది. మరి మీ వీధి నుంచి ఎవరని ఆయన అడిగాడు. "నేనే వస్తాను" అన్నాను. ఎవరూ నన్ను తొయ్యలేదు. ఊరందరి ముందు ఆ కాళ్ళు చాపితే జనం ముక్కు మూసుకుంటారు, ఆమె పరువు కాపాడాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. పుట్టినప్పటి నుంచి నా కాళ్ళను ఒకరు చేతిలోకి తీసుకున్నది ఎరగను. ఆశ పుట్టింది. అదీ మిగతా సగం.

మట్టల ఆదివారం పూజ చివర పేర్లు చదివారు. సూసక్క తాటాకు మట్ట పట్టుకుని కింద కూర్చుని ఉంది. నా పేరు వినపడగానే తిరిగి చూసింది. నవ్విందో, పెదవులు అలా కదిలాయో ఇప్పటికీ తేల్చుకోలేను. బయట చెప్పులు వేసుకునేటప్పుడు నా పక్కకు వచ్చి, "గురువారం బకల్ చెప్పు వేసుకుని రావద్దు. విప్పేదానికి లేటు అవుతుంది" అని మాత్రం చెప్పింది. ఆ రోజు ఆమె నన్ను తిట్టి ఉంటే ఇవాళ ఈ కాగితం అక్కర లేదు.

గురువారం ఆమె రాలేదు. పుండు ముదిరి లేవలేకపోయింది. ఇస్త్రీ పెట్టిన తుండ్లు మాత్రం పక్కింటి వాళ్ళతో పంపింది. పన్నెండో కుర్చీ నాది. నేను కూడా ఇంట్లో రెండుసార్లు సబ్బు పెట్టుకుని వచ్చాను, పౌడరూ వేసుకున్నాను, దాచడం ఎందుకు? నీళ్ళు కాచాలని ఆ రోజు ఎవరికీ తోచలేదు. చెంబులోంచి ధార పడగానే జిల్లుమని నా కాలు వెనక్కు పోయింది. ఫాదర్ మెల్లగా పట్టుకుని ముందుకు లాగి, తుడిచి, వంగి ముద్దు పెట్టాడు. పాటలు పాడుతున్నారు. నేను తలెత్తి, ఆమె ఎప్పుడూ నిలబడే స్తంభం వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.

మర్నాడు, పెద్ద శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే నాడు, కోయిలుకు పోయే దారిలో ఆమెను చూడబోయాను. పాదానికి మన కంపెనీ గుడ్డే చుట్టి, చాప మీద పడుకుని ఉంది. అప్పుడు అడిగిందే మొదట్లో చెప్పిన మాట. ఆ గుడ్డ ఎత్తి పుండు ఎలా ఉందో చూసి ఉండవచ్చు. తప్పు చేశాను అక్కా అని ఉండవచ్చు. పో అంది, వచ్చేశాను. శనివారం ఆమెను ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను పండగకు పూలు కడుతున్నాను. ఆమె చెల్లెలి కూతురు నన్ను పిలవబోతే, "రోసా పండగ పనిలో ఉంటుంది, పిలవవద్దు" అందట. పాస్కా దాటిన మంగళవారం పోయింది.

ఆమె శవాన్ని కడిగేదానికి నేనే కూర్చున్నాను. వేన్నీళ్ళు కాచాను, చేయి పెట్టి చూసుకున్నాను. పాదానికి చుట్టిన గుడ్డ విప్పుతూ పోయాను, చుట్టు మీద చుట్టు, ఎంతకూ అయిపోదు. విప్పాక చూస్తే పది వేళ్ళకూ గోళ్ళు తీసి ఉన్నాయి. వంగడానికి కాదన్న మనిషి ఎలా వంగిందో, ఒకటి రెండు వేళ్ళ కొసల్లో బ్లేడు గాట్లు కూడా ఉన్నాయి. వీధి ఆడవాళ్ళు ఎనిమిది, తొమ్మిది మంది ఉన్నారు ఆ చిన్న గదిలో. వాసన ఉంది, లేదనను. ఒక్కరు కూడా కొంగు ముక్కుకు పెట్టుకోలేదు. ఒకామె వచ్చి నా చేతిలోంచి తుండు తీసుకుని తనే తుడిచింది. నేను ఎవరికి భయపడి ఆమె పేరు ఇవ్వలేదో వాళ్ళు వీళ్ళే.

పాపసంకీర్తనంలో చెప్పాను. దేవుడు క్షమించాడు, మనశ్శాంతిగా ఉండమని ఫాదర్ అన్నాడు. "దేవుడు సరే సామీ" అన్నాను. దేవుడు కాళ్ళు కప్పుకోలేదు కదా నా ముందు. అప్పటి నుంచి ఒక్కటి మాత్రం నాలో నిలిచింది. ఆమెకు నడిచేదానికి కాదు, ఆయనకు వచ్చేదానికి కాదు అని ఒకరి తరఫున నేను చెప్పను. కూటంలో ఎవరి పేరు వచ్చినా వాళ్ళ ఇంటికి పోయి, వాళ్ళ నోటితోనే అడిగి తెలుసుకుంటాను. మంచాన పడినవాళ్ళను కూడా అడుగుతాను.

మొన్న కూటంలో పెద్ద గురువారం కుర్చీకి ఈ ఏటి పేరు అడిగితే, "ఇంకెవరు, రోసక్కే, మన వీధికి పెద్దది" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత పెద్ద గొంతు ఉండి కూడా అవును, కాదు రెండూ చెప్పలేకపోయాను. అందుకే ఇది. విన్నాక పేరు వాళ్ళే చెప్పనీ, ఎవరిదైనా.

నిర్మలా, అంతా రాసినావా? నేను ఫాదర్‌తో అన్న మాట దగ్గర నువ్వు పెన్ను ఆపినావు, నేను చూస్తానే ఉండా. అత్త పరువు అని మెత్తగా రాసి ఉంటే కొట్టేసి, నేను అన్నది అన్నట్టే రాయి. ఆ, ఇప్పుడు మొదటి నుంచి చదువమ్మా. గట్టిగా చదువు.