మంచివాళ్ళుండే వీధి

చికాగోలో ఉద్యోగమొచ్చి, కాపురం పెట్టడానికి వెండెల్ హాస్కిన్ పద్దెనిమిది శివారు ఊళ్ళు చూశాడు. అన్నిటికీ మూతి విరిచాడు. అక్కడి బడికి పదికి తొమ్మిది మార్కులుంటే ఆ ఒక్కటీ ఏమైందంటాడు. పెరట్లో ఆరేసిన బట్టలు కనిపిస్తే కారే దిగడు. వెనక సీట్లో పిల్లలు చల్లారిన ఫ్రైస్ నములుతుంటారు. ప్రతి గుమ్మంలోనూ గొంతు తగ్గించి, "ఇక్కడ ఎలాంటివాళ్ళుంటారు?" అని అడుగుతాడు. ఇళ్ళు చూపించే లోర్నా, "ఇరుగుపొరుగు జాతీ మతం నేను చెప్పకూడదండీ, చట్టం ఒప్పుకోదు" అంటుంది. అర్థమైందిలే అన్నట్టు కన్ను గీటుతాడు.

పంతొమ్మిదో ఊళ్ళో ఇల్లు నచ్చింది. పక్కింటి పెరట్లో ఎండుటాకులు పోగుచేస్తున్న ముసలామెను కంచె మీంచి పలకరించాడు. "మీకు చట్టం అడ్డం లేదుగా! ఈ వీధిలో అంతా మంచివాళ్ళేనా?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇప్పటిదాకా మంచివాళ్ళే నాయనా. ఆ ఇల్లింకా అమ్ముడుపోలేదుగా."