వీరవేణి గాబుల్లో ఉప్పు

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. దాన్ని మోస్తూనే వంట చేశాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, నలుగురిలో నవ్వాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను.

మాది యానాంలో కనకాలపేట. మావారు పోయిన రెండేళ్ళకు దరియాలతిప్పలో ఒకరి చెరువు నుంచి తామర దుంప ఒకటి తెచ్చి, పెరట్లో పాత గాబులో, అంటే సిమెంటు నీళ్ళతొట్టిలో, వేశాను. తోచక చేసిన పని. నాలుగేళ్ళలో ఒక గాబు ఎనిమిది గాబులయింది. లేత గులాబీ పువ్వు, రేకు అంచు మాత్రం ముదురు. కానీ నాకు పువ్వు మీద అంత మోజు లేదు. అది నాలుగు రోజుల ముచ్చట. రేకులు రాలాక మిగిలే కాయ ఉంది చూశారా, చిల్లులు చిల్లులుగా, ప్రతి చిల్లులో ఒక గింజతో, నాకు అదే ప్రాణం. గింజ తన గూట్లో వదులై కదలడం మొదలుపెట్టిన రోజు కాడతో సహా కోయాలి. తొందరపడితే కాయ ముడతలు పడుతుంది. పదేసి కాడలు కట్టకట్టి నీడలో తలకిందులుగా వేలాడదీయాలి. మంచు తగిలితే నల్లగా బూజు పడుతుంది. సరిగ్గా ఎండితే మాత్రం ఏళ్ళ తరబడి చెక్కుచెదరదు. కాకినాడలో పెళ్ళి మండపాలు అలంకరించే ఆయన వచ్చి కట్టలు పట్టుకెళ్ళేవాడు. "మేడం, మీ కాయకి మచ్చ ఉండదండి" అనేవాడు. ఆ మాట విన్న రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని.

పక్కిల్లు వీరవేణిది. మా ఇద్దరి మధ్యా మోకాలెత్తు గోడ. కాయలు కట్టడం ఆమెకు నేనే నేర్పాను. మధ్యాహ్నాలు ఇద్దరం వరండాలో కూర్చుని కడుతూ ఉండేవాళ్ళం. వదినగారూ అంటే వదినగారూ అనుకునేవాళ్ళం.

ఆ ఏడు వానాకాలంలో వీరవేణి మనవరాలికి డెంగీ వచ్చింది. పిల్ల ప్రమాదం నుంచి బయటపడిన వారానికి దోమల తనిఖీ వాళ్ళు నలుగురు సరాసరి మా పెరట్లోకి వచ్చారు. గాబుల్లో గప్పీ చేపలున్నాయి, పిల్లదోమను బతకనివ్వవు, చూడండని బతిమాలాను. వినలేదు. ఎనిమిది గాబులూ తిరగేశారు. మూడు పగిలిపోయాయి. సిమెంటు నేల మీద చేపపిల్లలు ఎగిరెగిరి పడి ఆగిపోయాయి. నేను ఏమీ చేయలేక వాటినే చూస్తూ నిలబడ్డాను. వాళ్ళలో పెద్దాయన చేతిలో ఒక కాగితం ఉంది. ఫిర్యాదు. సంతకం లేదు. కానీ 'ళ'కు అంత పొడుగు తోక తీసే మనిషి మా వీధిలో ఒక్కతే ఉంది. ఆమె రాసిచ్చిన వంటల చీటీలు నా వంటింట్లో డబ్బాల కింద ఎన్ని ఉన్నాయో.

నేను అడగలేదు. ఎందుకు అడగలేదు? అడిగితే ఆమె ఏడుస్తుంది, నేను క్షమించాల్సి వస్తుంది. నాకు క్షమించాలని లేదు. అలాగే మాట్లాడాను, అలాగే నవ్వాను. లోపల మాత్రం సమయం కోసం కాచుకున్నాను.

మరుసటి ఎండాకాలం ఆమె డాబా మీద పచ్చ వల కట్టింది. దాని వెనక తామరాకులు కనిపించాయి. ఒకరోజు ఒక పువ్వు తల ఎత్తింది. లేత గులాబీ, అంచు ముదురు. ఎక్కడివని అడిగాను. మా చెల్లెలు ఇచ్చిందండి అంది, నా ముఖం చూడకుండా. నా గాబులు పగలగొట్టించి, నా మొక్కే పెంచుకుని, నా కాయలే కాకినాడ ఆయనకు అమ్ముకుంటుందన్నమాట. ఆ రోజు నాకు కలిగినది కోపం కాదు. కోపమయితే అరిచేదాన్ని. చాలా స్థిమితంగా ఉన్నాను.

వీరవేణి కూతురికి రెండో కాన్పు వచ్చింది. వాళ్ళాయనతో కలిసి అమలాపురం వెళుతూ డాబా తాళం నా చేతికే ఇచ్చింది. పది రోజులు గాబుల్లో నీళ్ళు తగ్గకుండా చూడమంది.

కల్లుప్పు రెండు కొట్లలో కొన్నాను, ఒకే కొట్లో అయితే ఎందుకని అడుగుతారని. మొదటి రోజు గాబుకు రెండు దోసిళ్ళు. రెండో రోజు నాలుగు. కర్రతో అడుగుదాకా కలిపాను. నాలుగో రోజుకు ఆకుల అంచులు మాడాయి. ఏడో రోజుకు, గింజ పట్టీపట్టని పచ్చి కాయలు మెడలు వాల్చేశాయి. నాకు జాలి వేసిందని రాస్తే మీకు నా మీద కాస్త మంచి అభిప్రాయం కలుగుతుంది. జాలి వేయలేదు. రోజూ పొద్దున్నే తాళం చేతిలోకి తీసుకుంటుంటే పండగలా ఉండేది.

వీరవేణి తిరిగి వచ్చి డాబా ఎక్కింది. వెనకే నేనూ ఎక్కాను. ఆమె ఒక గాబులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పండి వదినగారూ. ఒట్టి ఉప్పు."

"మీ బోరు ఉప్పెక్కిపోయినట్టుందండి. నేను రోజూ పోసేనండి మరి. మన వైపు బోర్లకి ఇది కొత్తా ఏంటి?"

ఆమె గాబు గట్టు మీద కూలబడింది.

"ఇవి మీవేనండి" అంది. "మీ గాబులు తిరగేసిన రోజు, మీరు లోపలికెళ్ళి తలుపేసుకున్నాక, దుంపలు ఏరుకుని తెచ్చేను. ఆ కాగితం రాసింది నేనేనండి. పిల్ల అలా పడుంటే నాకు బుర్ర పని చెయ్యలేదు. మందు కొట్టి పోతారనుకున్నాను గాని, పగలగొడతారనుకోలేదు. ఎనిమిది గాబులూ నిండేక మీ పెరట్లో పెట్టించి, అప్పుడు చెబుదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను ముందు?"

నేనన్నది ఒక్కటే. "పోనీలెండి, జరిగిపోయింది."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆమె తన తప్పు ఒప్పుకుని తల వంచుకుని కూర్చుంది. నా తప్పు చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను ఎప్పుడు దొరుకుతుంది? కానీ ఆ క్షణంలో నాలో ఇంకో మనిషి లెక్క చూసుకుంటోంది. నిజంగా నాకిద్దామనే పెంచిందా? లేక పువ్వులు పోయాయి కాబట్టి ఇప్పుడు మంచిమాట చెబుతోందా? ఆ మాట ఇప్పటికీ నేను పూర్తిగా నమ్మలేదు. నమ్మితే నేను ఏమవుతానో నాకు తెలుసు.

ఒక దుంప కొనలో మాత్రం పచ్చదనం మిగిలింది. దాన్నయినా బతికించి నాకిస్తానని వీరవేణి పంతం పట్టింది. బోరు నీళ్ళు నాలిక్కి చప్పగానే తగిలినా, ఉప్పు ఒకరోజు ఎక్కి ఒకరోజు దిగుతుందన్న నా మాట నమ్మి, మొక్కకు ఆ నీళ్ళు పోయడం మానేసింది. పొద్దున్నే వీధి కుళాయి దగ్గర రెండు బిందెలు పట్టి, ఒక్కొక్కటే చంకనెత్తుకుని డాబా మెట్లెక్కేది. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. వాళ్ళాయన సూర్రావుగారు వద్దని కేకలేసేవారు. నేను మా వరండాలోంచి చూసేదాన్ని. ఆ బోరులో ఏ ఉప్పూ లేదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఒక్క మాట చాలు, బిందె దించేది. మొయ్యనీ అనుకున్నాను. నా చేపలు ఎగిరెగిరి పడ్డాయి, ఈమె నాలుగు బిందెలు మొయ్యలేదా అనుకున్నాను. పదిహేడు రోజులు అనుకున్నాను.

పద్దెనిమిదో రోజు తడి మెట్టు మీద జారింది. బిందె ముందు దొర్లింది, తర్వాత ఆమె. తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. తర్వాత కాలు రెండంగుళాలు పొట్టిదయింది. డాబా మళ్ళీ ఎక్కలేదు. ఆ దుంప కూడా కుళ్ళిపోయింది.

ఉప్పు కలిపిన చేతిని నేను ఏదో ఒకరోజు సమర్థించుకోగలనేమో. ఆ పదిహేడు పొద్దుల మౌనాన్ని ఎలా సమర్థించుకోను? అక్కడ ప్రతీకారం కూడా లేదు. అప్పటికి నా పగ తీరిపోయింది. అయినా నోరు విప్పలేదు. మరి ఏం కావాలని చూస్తూ కూర్చున్నాను?

ఇప్పుడు రోజూ ఒక గిన్నెలో కూర పట్టుకెళ్ళి ఇస్తాను. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వస్తుంది. సొంత అక్కయినా ఇంత చెయ్యదని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ ఆమె మీద నాకు మళ్ళీ కోపం వస్తుంది. ఆ కాగితం రాసింది ఆమే కదా అని గుర్తు చేసుకుంటాను. గుర్తు చేసుకోకపోతే ఆ గుమ్మంలో నిలబడలేను.

ఆమెకు చెబుతానా? ఈ రోజుకు ధైర్యం లేదు. మీరు నన్ను క్షమించనవసరం లేదు, అది మీ చేతిలో లేదు కూడా. నేనూ ఆమెను పూర్తిగా క్షమించలేదు. కానీ ఈ మాట ఎవరితోనూ, ఒంటరిగా ఉన్నప్పుడు నాతో నేను కూడా, పైకి అనలేదు. ఇవాళ రాశాను. వీరవేణి బోరు ఎన్నడూ ఉప్పెక్కలేదు. ఉప్పు కలిపింది నేను.