కృష్ణుడి పంటి గార

దేశ రాజధానిలో, జనక్‌పురి తెలుగువాళ్ళలో చెన్నకేశవులును గుమాస్తాగా ఎరిగినవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన కృష్ణుడే. ఏడాది పొడుగునా సర్కారీ ఆఫీసులో ఫైళ్ళు కదిపేవాడు. చలికాలంలో తెలుగు సంఘం వేసే నాటకంలో కిరీటం పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాడంటే, తెలుగు సరిగా రాని పిల్లలు కూడా నోరెళ్ళబెట్టి చూసేవారు. ఆ ఒక్క సాయంత్రం కోసమే మిగతా సంవత్సరాన్ని భరించేవాడంటే అబద్ధం కాదు.

పళ్ళు మాత్రం జనానికి కనిపించేంత మేరకే తోముకునేవాడు. ముందు తళతళ, వెనక గార. 1978లో నాటకం అయ్యాక అభినందించడానికి దగ్గరికొచ్చిన పళ్ళ డాక్టరు రాధాకృష్ణమూర్తి ఆ నోరు చూసి ఉలిక్కిపడ్డాడు.

"చెన్నకేశవులు గారూ, గార బాగా పేరుకుపోయింది. క్లినిక్‌కి రండి, తీసేస్తాను."

"అమ్మో! గార తీస్తే పళ్ళు కదిలిపోతాయండీ. పంటికి గారే గట్టు అనేవాడు మా నాన్న."

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. "ఎంత తోమినా నిమిషాల్లో ఉమ్మి పంటి మీద పల్చటి పొర కడుతుందండీ. ఆ పొరకి కొన్ని బాక్టీరియాలు అంటుకుంటాయి. వాటిని పట్టుకుని ఇంకొన్ని చేరతాయి. అదే పాచి. రోజూ తోమితే పోతుంది. వదిలేస్తే ఉమ్మిలో సున్నం చేరి గారై కూర్చుంటుంది. దాని మీద మళ్ళీ పాచి. చిగురు వాచి, లోపల ఎముక కరిగిపోతుంది."

"అచ్ఛా," అన్నాడు చెన్నకేశవులు. అని ఊరుకున్నాడు.

భార్య జానకీదేవి పోరుతూనే ఉంది. "ఒక్కసారి వెళ్ళి రండీ, మీ నోరేం అరిగిపోదు!" నాటకం అయ్యాక చూద్దామనేవాడు. నాటకాలు అయ్యాయి, ఏళ్ళూ అయ్యాయి. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఈయన దేవుడి వేషం వేసే మొండివాడాయె!

1986లో రిహార్సల్‌లో రాగం తీస్తుంటే ముందు పన్ను కదిలింది. పరుగున డాక్టరు దగ్గరికి పోయాడు. గార తీయగానే సందులు బయటపడ్డాయి, తక్కిన పళ్ళూ ఊగడం తెలిసింది.

"చూశారా, నేనన్నట్టే అయింది!"

"తీసినందుకు కాదండీ. కింద ఎముక ఎప్పుడో పోయింది. గార ఆ సంగతి దాచిపెట్టింది, అంతే."

"ఆ ఎముక మళ్ళీ రాదా?"

"రాదండీ."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? కోపం ఎవరి మీద చూపించాలో ఆయనకు తోచలేదు. నాన్న పోయి చాలాకాలమైంది. డాక్టరు చెప్పవలసినప్పుడే చెప్పాడు.

ముందు పళ్ళు ఒకదాని వెనక ఒకటి ఊడాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు గానీ, రాగం తీస్తే జారేవి, గొంతు తగ్గించి మాట్లాడినా టకటకలాడేవి. వేషం ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో పనిచేసే బసవపున్నయ్యకు పోయింది. పద్యాలన్నీ కంఠతా వచ్చినవాడు గనక చెన్నకేశవులును తెర పక్కన, మరిచిపోయిన మాట అందించే ప్రాంప్టరుగా నిలబెట్టారు. చప్పుడు హాల్లోకి వినబడకూడదని ఆయన కట్టుడు పళ్ళు తీసి జేబులో వేసుకున్నాడు.

రాయబారం మధ్యలో బసవపున్నయ్యకు మూడో పాదం తట్టలేదు. బెదురుగా తెర వైపు చూశాడు. చెన్నకేశవులు పాదం అందించాడు. గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ అందించాడు. మళ్ళీ గాలే. బసవపున్నయ్య అయోమయంగా తలాడించి, రెండో పాదం నుంచి నేరుగా చివరి పాదానికి దూకేశాడు.

హాలంతా "వన్స్‌మోర్" అని అరిచింది. పద్యంలో ఒక పాదం లేదన్న సంగతి అక్కడ ఒక్కరికీ తెలియలేదు.