రాతి మండపం కింద రొయ్యలు

ఆ గాజుతొట్టిని మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. మా అక్కను చేసుకున్న బావ ఆళ్లగడ్డలో శిల్పి. పొద్దస్తమానం దేవుళ్లను చెక్కి, కనురెప్పల మీద కూడా రాతిపొడితో ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని నేరుగా ఆ తొట్టి ముందు చతికిలబడేవాడు. పోనీ అందులో రంగురంగుల చేపలైనా ఉన్నాయా అంటే ఒక్కటీ లేదు. నీళ్లు, నాచు, ఆ నాచులో చిటికెనవేలి గోరంత రొయ్యలు. అవైనా తేరిపార చూస్తే తప్ప కనపడవు. ఒళ్లంతా అవతలి పక్క కనిపించేంత పలచన.

"ఏంది బావా, దుడ్లు పెట్టి తొట్టి కొని కాలువ రొయ్యల్ని సాకుతాండావా?" అన్నాను.

"చేపల్ని ఎవురైనా సాకుతారు లేమ్మా" అన్నాడు ఆయన, తల తిప్పకుండానే.

తొంభైల చివరి మాట ఇది. ఎండాకాలం కె.సి. కాలువకు నీళ్లు కట్టేస్తే అడుగున అక్కడక్కడ గుంటలు మిగులుతాయి. అవి ఎండిపోయేలోపల బావ పోయి, నాచుతో సహా రొయ్యల్ని బకెట్లో ముంచుకొచ్చాడు. తాను శిల్పాలు చెక్కే షెడ్డులో పగిలిపోయిన ఒక రాతిముక్కను జానెడు మండపంగా చెక్కి, నాలుగు స్తంభాలూ పైకప్పూ దిద్ది, తొట్టిలో పెట్టాడు. వాటికి అదే ఇల్లయింది. గుడ్లతో ఉన్న ఆడవన్నీ ఆ మండపం కింద చేరేవి. రొయ్య గుడ్లు పెట్టేసి తన దారి తాను పోదు. పొట్ట కింద కాళ్ల సందున గుత్తిగా పట్టుకుని, పిల్లలయ్యేదాకా వాటికి నీళ్లు విసురుతూనే ఉంటుంది. బావ అదంతా చూపించి చెబుతుంటే మా అక్క నోరు తెరుచుకుని వినేది. నాకైతే పావుగంటకే విసుగొచ్చేది.

తర్వాత బావకు దగ్గు పట్టుకుంది. మొదట టీబీ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగించారు. మనిషి సగమైపోయాడు. చివరికి కర్నూలులో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుందని చెప్పేసరికి ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆయన పోయేనాటికి మా అక్కకు ముప్పై అయిదు కూడా నిండలేదు.

అంతకు చాలా ముందే అక్కకు ఒక కాన్పులో బిడ్డ పోయింది. ఇక చాలదా లోకం నోటికి? దినాల నాడు, ఇంటినిండా చుట్టాలుండగా, అక్క అత్తగారు అందరికీ వినపడేలా అంది: "దీని చెయ్యి మంచిది కాదు. ఇది ముట్టుకున్నేది ఏదీ బతకదు."

నేను ఊరుకోలేదు. "మీ కొడుకు పోయింది రాతిపొడితో. మా అక్కను అంటావేంది?" అని ఆవిడ మీదికి పోయాను. నలుగురూ నన్నే తిట్టారు, చావింట్లో ఆ నోరేమిటని. నేనెంత అరిచి ఏం లాభం, ఆ మాట పోయి మా అక్క గుండెలో కూర్చుంది. ఆ రోజు నుంచి ఎవరింటికి పోయినా పసిబిడ్డను ఎత్తుకునేది కాదు. ఎవరైనా మల్లె అంటు చేతికిచ్చి నాటమంటే "వద్దులే, నువ్వే నాటు" అని వెనక్కిచ్చేది. చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇంటికి పోయాక ఏడుపొచ్చేది.

అత్తగారు చిన్నకొడుకుతో దొర్నిపాడుకు పోయింది. అక్క ఆళ్లగడ్డలోనే ఆ రెండు గదుల్లో జాకెట్లు కుట్టుకుంటూ ఉండిపోయింది. నేను నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని, ఆదివారమొస్తే బస్సెక్కి పోయేదాన్ని. పోయిన ప్రతిసారీ తొట్టి గురించే పోట్లాట. కరెంటు దండగ, పని దండగ, ఎవరికైనా ఇచ్చేయమని నేను. వినేది కాదు.

"మీ బావ తెచ్చినవి ఎప్పుడో పోయినాయి మే" అంది ఒకసారి. "ఇవి వాటి పిల్లల పిల్లలు. నా చేతికిందనే పుడతాండాయి, నా చేతికిందనే పెరుగుతాండాయి. ఇవి బతికినన్నాళ్లు మా అత్త మాట అబద్ధం."

ఆ తర్వాత నేనెప్పుడూ ఇచ్చేయమనలేదు.

అందుకే, బావ పోయిన రెండేళ్లకు ఆ మండపం ఒరిగినప్పుడు మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అడుగున ఇసుక కుంగి, రాయి ముందు అద్దం వైపు వాలింది. ఇంకొంచెం వాలితే అద్దం పగిలి అంతా నేలపాలు. నాచంతా తీసి, రాయి ఎత్తి, ఇసుక సమం చేసి, మళ్లీ నడిమధ్యన నిలబెట్టాలి. సరిగ్గా అప్పుడే మండపం కింద ఆడవన్నీ గుడ్లతో ఉన్నాయి. "పిల్లలు కానీ, ఆగుదాం" అంది అక్క. సరే అని ఆగాం. మరుసటి వారానికి రాయి ఇంకో వేలెడు వాలింది. ఒకదానికి పిల్లలైతే ఇంకొకటి గుడ్లతో తయారు.

"ఇట్ల ఆగుతా పోతే అద్దం ఆగదక్కా" అన్నాను. వచ్చే ఆదివారమని ఖాయం చేసుకున్నాం.

ఆ ఆదివారం నేను పోయేసరికి అక్క తలస్నానం చేసి, నోముకు కూర్చోబోయే మనిషిలాగా అన్నీ సర్దిపెట్టుకుని ఉంది. ఇంట్లోని ప్లాస్టిక్ బకెట్లు, బట్టలుతికే టబ్బు, చాలవన్నట్టు పక్కింటి నుంచి తెచ్చినవి కూడా వరుసగా పెట్టింది. బావ చెప్పినవన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ముందు తొట్టిలో నీళ్లనే బకెట్లలోకి తోడాం. రొయ్యలు ఒక్కసారిగా కొత్తనీళ్లలో పడితే తట్టుకోలేవు. వలను నన్ను ముట్టనియ్యలేదు. వల కన్నాల్లో కాళ్లు ఇరుక్కుంటాయి, బెదిరిన తల్లి గుడ్లు విదిలించేస్తుంది. గాజుగ్లాసును నీళ్లలో పడుకోబెట్టి, రొయ్య దానంతటది లోపలికి నడిచేదాకా ఓపిక పట్టాలట. ఓపిక, అదీ నాకు! నేను ఒకదానితో తంటాలు పడుతుంటే అక్క గుంపులకు గుంపులు బకెట్లోకి దించేసింది.

నాచును గుప్పిట పట్టి పీకబోతే చేతి మీద ఒకటేసింది. ఒక్కొక్క కాడనే మెల్లగా తీసి, బకెట్టు నీళ్లలో ఆడించింది. వెంట్రుకమొనంత పిల్లలు ఆకులకు అంటుకుని ఉంటాయి, నాచును నేలమీద పడేస్తే వాటి బతుకు అంతే. నీళ్లను శుభ్రం చేసే స్పాంజిని కూడా కొళాయి కింద కడగలేదు, ఆ పాతనీళ్లలోనే ఒకసారి పిండి పక్కన పెట్టింది. ఇక రాయి మిగిలింది. నేను రెండు చేతులూ లోపల పెట్టి పట్టుకుంటే, అక్క మోకాళ్ల మీద కూర్చుని మండపం కిందికి టార్చి వేసింది.

"పక్కకు లాగొద్దు మే, నిట్టనిలువుగా ఎత్తు. ఆగు, ఇంకొకటి ఉండాది. ఆగు, నీకు దండం పెడతా, ఆగు."

నా చేతులు తిమ్మిరెక్కాయి. అది బయటికొచ్చాకే ఎత్తనిచ్చింది. ఇసుక చదునుచేసి, మళ్లీ కుంగకుండా అడుగున ఒక నాపరాయి ముక్క పరిచి, మండపాన్ని మధ్యలో నిలబెట్టాం. ఒక్కటంటే ఒక్క రొయ్య కూడా నలగలేదు.

ఇక నీళ్లు. తోడినవాటిలో మురికి తేలినవి పారబోశాం కాబట్టి ఆ మేరకు కొత్తవి కావాలి. కొళాయి నీళ్లు గుప్పున బ్లీచింగ్ వాసన కొడతాయి, ఒక రోజు నిలవ ఉంటే గానీ ఆ ఘాటు పోదు. మామూలుగా చెంబెడు తక్కువైతే ప్లాస్టిక్ బకెట్లో నిలవుంచి పోసేది. ఆ రోజు బకెట్లన్నీ రొయ్యలకూ నాచుకూ కావాలి. అందుకని ముందు రోజే పెద్ద రాగి బిందెలు రెండు దించి, చింతపండూ ఉప్పూ వేసి తళతళలాడేలా తోమి, నిండా నీళ్లు పట్టి పెట్టింది. ఇంట్లో స్టీలు బిందెలు లేక కాదు. మన ఇళ్లల్లో రాగి బిందె నీళ్లకు మించిన మంచినీళ్లు ఏముంటాయి? వీటికి మంచివే పోయాలని రాగివి తీసింది. ఇసుక లేవకుండా అడుగున పళ్లెం పెట్టి, దాని మీద సన్నటి ధారగా, చెయ్యి నొప్పి పుట్టేదాకా పోసింది.

అన్నింటినీ వదిలాక కొంతసేపు అటూ ఇటూ తిరిగి, గుడ్లున్నవి మెల్లగా మండపం కిందికి నడిచాయి. "ఒక్కటి కూడా పోలేదు మే, ఒక్కటి కూడా" అని అక్క అన్నమాటే మళ్లీ మళ్లీ అంది. ఆ పూట కడుపునిండా అన్నం తింది. ఆమె అలా తినగా చూసి ఎన్నాళ్లయిందో. నేను సాయంత్రం బస్సుకు నంద్యాల వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం బడికి ఫోను వచ్చింది. "వచ్చి చూసిపో" అంది అక్క, అంతే. సెలవు చెప్పి బస్సెక్కాను.

ఇసుక మీద అన్నీ పడి ఉన్నాయి, ఉడకబెట్టినట్టు తెల్లగా. గుడ్లున్నవి ఇంకా ఆ గుత్తిని పట్టుకునే ఉన్నాయి. వెంట్రుకంత పిల్లల్ని వెతకడానికి నాకు ధైర్యం చాలలేదు. అక్క ఏడవడం లేదు. అదే చూసి నాకు భయం వేసింది.

"నువ్వు పక్కనే ఉన్యావు గదా" అంది. "యాడన్నా తప్పు చేసినానా?"

"లేదక్కా."

"అదే చెప్తాండా. తప్పేం చేయలేదు. అయినా పోయినాయి. చెయ్యే మంచిది కాదు."

నాకు ఎన్ని మాటలొచ్చో, ఎందరి మీదికి పోయానో! ఆ పూట మాత్రం వల తీసుకుని వాటిని ఏరడం మొదలుపెట్టాను. ఆ తర్వాత అక్క పెళ్లి జాకెట్లు కుట్టడం మానేసింది. ఎవరైనా తెస్తే "పెండ్లిపిల్లకు నా చేత్తో వద్దమ్మా" అని పంపించేసేది. తొట్టిలో నాచు మాత్రం పెరిగింది. అందులో తిరిగేదేమీ లేదు.

కొన్ని నెలలు గడిచాయి. ఎక్కడైనా అలాంటి రొయ్యలు దొరికితే తెచ్చిద్దామని నంద్యాలలో రంగుచేపలమ్మే అంగడికి పోయాను. ఏమైందని అంగడాయన అడిగితే మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. రాగి బిందెల దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తోమిన రాగి బిందెలో నీళ్లు ఒక్క దినం నిలవున్నా రాగి దిగుతాది. రాగి పడితే రొయ్య బతకదు మేడం. చేపలకేసే ఈ మందులో కూడా రాగి ఉంటాది. రొయ్యలుండే తొట్లో వేయొద్దని దీని మీదే రాసుంటారు చూడండి" అని సీసా తిప్పి చూపించాడు.

నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎక్కడలేని బలం వచ్చింది. రొయ్యల సంగతి మరచిపోయి నేరుగా బస్టాండుకు నడిచాను. దారంతా అక్క అత్తగారిని మనసులోనే కడిగేస్తూ కూర్చున్నాను.

అక్క మిషను మీద ఉంది. చెప్పులు కూడా విప్పకుండానే అందుకున్నాను. "అక్కా, నీ చెయ్యి కాదు! రాగి. ఆ బిందెలు. రాగి పడితే రొయ్యలు బతకవంట. నీ చెయ్యి బంగారమే."

మిషను ఆగింది.

"రాగి నీళ్లల్లోకి దిగుతాదా?"

"దిగుతాదంట. తోమిన బిందెలోనైతే ఇంకా."

"ఒక్క దినానికే?"

"ఒక్క దినానికే" అన్నాను గెలిచినదానిలాగా.

అక్క బట్టను సూది కింద నుంచి తీసింది. "మీ బావ మంచాన పడినప్పుడు, పొద్దున్నే పరగడుపున ఆ బిందెలో నీళ్లే తాపిచ్చినా. దగ్గుకు మంచిదని ఎవురో చెప్తే. దినామూ తోమి, దినామూ పట్టి. పోయేదాకా."

నా నెత్తిన పిడుగు పడింది. "అట్ల కాదక్కా! అది రొయ్యలకే. మనుషులకేమీ కాదు, ఊరంతా తాగుతాండారు గదా. బావది రాతిపొడి అని డాక్టరే చెప్పినాడు. మనుషులకు రాగి మంచిదే."

ఆమె బట్టను సూది కిందికి సర్దుకుని, నావైపు చూడకుండానే అంది:

"రొయ్యలకూ మంచిదనే గదమ్మే పోసినా."