మూడు బొట్ల సీడీ

"లచ్చవ్వా, నువ్వు పోతే గీ సీడీలు ఎవలు సూస్తరు?" అన్నాడు సురేందర్ సారు.

"నువ్వే సూడు. నీకేమన్న సదువు తక్కువయిందా?" అన్నాను.

నేను పని మానేసిన రోజు మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలవి.

మా ఆయన పోయాక, రెండు వేల ఒకటిలో, నిజామాబాద్‌లో ఎలక్ట్రానిక్ కాటాలు చేసే చిన్న కంపెనీలో అటెండర్‌గా చేరాను. చెరకు బండ్లు తూచే కాటాకు ఒక డబ్బా ఉంటుంది. అందులో లినక్స్ నడిచే బుల్లి కంప్యూటరు. దానికి కావలసిన ప్రోగ్రాములన్నీ సారు వండేవాడు. వండటమే మరి, ఏదేది కలపాలో రాసుకున్న దాన్ని కంప్యూటరు వాళ్ళు కూడా రెసిపీ అనే అంటారు. ఒక ప్యాకేజీ, అంటే ఒక ప్రోగ్రాము మూట, నిలబడాలంటే దాని కింద ఇంకోటి ఉండాలి. అవి హైదరాబాదు నుంచి సీడీల మీద వచ్చేవి. నాకు చదువు అంతంతే కాబట్టి, సారు చెప్పిన వరుసలో గోళ్ళ రంగుతో బొట్లు పెట్టాను. అడుగున ఉండేదానికి ఒకటి, దాని మీద నిలిచేదానికి రెండు, ఆ పైదానికి మూడు. అంత చదివిన సారు కూడా నా బొట్లు చూసే సీడీ పెట్టేవాడు.

ఒకసారి నెట్టు వచ్చిందని మురిసి, "పాతవి పారెయ్" అన్నాడు. పారేయడం దేనికని కోటగిరిలో ఉండే మా తమ్ముడు గంగారాంకు ఇచ్చాను. ఇది రాస్తున్న రమ వాడి బిడ్డే. వాడు వాటిని జొన్న చేలో పిట్టలు బెదరడానికి దారాలకు కట్టాడు.

ఆ నెలలోనే సారు బోధన్ దగ్గరి తూకం కేంద్రానికి పోయి, డబ్బాలోని మెమరీ కార్డు మీద పాతది చెరిపి కొత్తగా వండింది ఎక్కించి వచ్చాడు. మరునాడు డబ్బా నల్లమొహం వేసింది. రెసిపీలో ఏ వెర్షన్ కావాలో రాయకుండా, కొత్తది ఏదుంటే అదే తెచ్చుకొమ్మని రాశాడట మహానుభావుడు. తెర మీద అంకెలు చూపే ప్యాకేజీ కొత్తది వచ్చి కూర్చుంది. మా తూకం ప్రోగ్రాముకు పాతదే, మూడు బొట్ల సీడీలోదే కావాలి. ఆ పాతదేమో నెట్టులో తీసేశారు.

అక్కడ బండ్ల మీద చెరకు ఎండుతోంది. ఎండినకొద్దీ తూకం తగ్గుతుంది, ఆ నష్టం రైతుదే. వరుసలో ఏడో బండి మా తమ్ముడిది.

"అక్కా, మీ సారుకు ఆ సదువు ఎవలు జెప్పిండ్రే?" అని ఫోన్లో అరిచాడు.

సారు పాత సీడీ కోసం బీరువా అంతా తిరగేశాడు. సంగతి చెప్పాను.

"పిట్టలకిచ్చినవా?"

"పారెయ్యమన్నది నువ్వే గద! పిట్టలే నయం, గవి సూసి జర బెదురుతయి."

ఇద్దరం స్కూటర్ మీద కోటగిరికి పోయాం. చేలో ముప్పై సీడీలు తళతళమంటున్నాయి. మూడు బొట్లది వెతికి విప్పాను. దాని నిండా రెట్ట. కడిగి, పళ్ళపేస్టుతో రుద్దితే మూడోసారికి కంప్యూటరు చదివింది. సారు మళ్ళీ వండి కాటా నడిపించేసరికి మా తమ్ముడి చెరకు రెండు రోజులు ఎండింది.

తరవాత సారు ప్రతి రెసిపీలో వెర్షన్ నంబరు రాయడం మొదలుపెట్టాడు. చేలోని సీడీలన్నీ మళ్ళీ బీరువాకు, దాని తాళంచెవి నా నడుముకు చేరాయి. పాతదని తీసేసే ముందు దాని మీద ఏది నిలబడి ఉందో చూసుకోవాలి. దాని నకలు మన దగ్గరే ఉండాలి. ఆ బుద్ధి మాకు వచ్చింది, తూకం మాత్రం మా తమ్ముడికి తగ్గింది, దానికి వాడు నన్నే తిట్టాడు.

రమా, మీ బాపు నన్ను తిట్టింది గూడ రాసినవా, దాసినవా? ఏదీ, మొదటికెల్లి సదువు.